భాగం – 11 : పైత్యరస నాళంలో స్టెంట్ – అమర్చిన తరువాత వచ్చే చిక్కులు

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 పైత్యరస మార్గం – స్టెంట్ చేసే పని
11.3 స్టెంట్లలో రకాలు
11.4 తొలి రోజుల్లో వచ్చే చిక్కులు
11.5 ఆలస్యంగా వచ్చే చిక్కులు
11.6 మరచిపోయిన స్టెంట్
11.7 గుర్తింపు, చికిత్స
11.8 రోగి, కుటుంబ సభ్యులు చేయవలసినవి
11.9 సారాంశం
11.10 పదకోశం
11.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
11.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:

• పైత్యరస నాళంలో స్టెంట్‌ను ఎందుకు, ఎలా అమరుస్తారో వివరించగలుగుతారు.
• తొలి రోజుల్లో వచ్చే చిక్కులను, ఆలస్యంగా వచ్చే చిక్కులను వేరుచేసి చెప్పగలుగుతారు.
• స్టెంట్ మూసుకుపోవడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలను గుర్తించగలుగుతారు.
• స్టెంట్‌కు గడువు ఎందుకు ఉంటుందో ఇతరులకు అర్థమయ్యేలా చెప్పగలుగుతారు.

11.1 పరిచయం

కామెర్లు ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధుల్లో కనిపించే లక్షణం. కాలేయ కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే కామెర్లు వేరు, పైత్యరసం పారే దారి మూసుకుపోవడం వల్ల వచ్చే కామెర్లు వేరు. రెండో రకాన్ని అవరోధక కామెర్లు అంటారు. ఇక్కడ దారిని తెరవడమే చికిత్సలో మొదటి మెట్టు. అందుకు వాడే సాధనాల్లో ముఖ్యమైనది స్టెంట్ అనే సన్నని గొట్టం.

ముందుగా ఈ సందర్భాన్ని ఊహించండి. ఇది పాఠం కోసం కూర్చిన ఉదాహరణ మాత్రమే.

నలభై ఎనిమిదేళ్ల ఒక మహిళకు పైత్యరస నాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చాయి. రాయి పెద్దది కావడంతో వైద్యులు ఒకేసారి తీయలేక, తాత్కాలికంగా ప్లాస్టిక్ స్టెంట్ అమర్చారు. మూడు నెలల్లో తిరిగి రమ్మన్నారు. రెండు మూడు వారాల్లో కళ్ల పసుపుదనం పోయింది. ఆకలి పుట్టింది. ఆమె మళ్లీ పొలం పనులకు వెళ్లసాగింది. ఆసుపత్రి కాగితాలు ఇనప్పెట్టెలో చేరాయి. పద్నాలుగు నెలల తరువాత ఒక సాయంత్రం ఒళ్లంతా వణికించే చలితో జ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్.ఎం.పి. వైద్యుని చేత ఇంజెక్షన్ వేయించారు. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. నాలుగో రోజు ఆమె మాట తడబడింది, ఇంట్లోవాళ్లను పోల్చుకోలేకపోయింది.

ఈ నాలుగు రోజుల్లో ఆమె శరీరంలో ఏం జరిగింది? ఎక్కడ ఆపగలిగి ఉండేవారు? ఈ భాగం పూర్తయ్యేసరికి ఈ రెండు ప్రశ్నలకు మీరే జవాబు చెప్పగలగాలి.

11.2 పైత్యరస మార్గం – స్టెంట్ చేసే పని

కాలేయం రోజుకు సుమారు అర లీటరు నుంచి ఒక లీటరు వరకు పైత్యరసాన్ని తయారుచేస్తుంది. కాలేయంలోని సన్నని నాళాలు, వాగులు కలిసి ఏరైనట్లు, ఒకదానితో ఒకటి కలుస్తూ చివరకు ఉమ్మడి పైత్యరస నాళంగా ఏర్పడతాయి. పిత్తాశయం నుంచి వచ్చే నాళం కూడా ఇందులోనే కలుస్తుంది. ఈ ఉమ్మడి నాళం క్లోమం తల భాగం గుండా దిగి, క్లోమ నాళంతో కలిసి ఆంత్రమూలంలోకి తెరుచుకుంటుంది. అక్కడ ఆడి సంవరణి అనే కండర వలయం తలుపులా పనిచేస్తుంది. పైత్యరసాన్ని అవసరమైనప్పుడు పేగులోకి వదలడం దాని ఒక పని. పేగులోని బాక్టీరియా నాళంలోకి ఎగబాకకుండా చూడడం మరొక పని. ఈ రెండో పనిని బాగా గుర్తుంచుకోండి. మనం చదవబోయే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

నాళం మూసుకుపోతే ఏమవుతుంది? పేగులోకి చేరవలసిన బైలిరుబిన్ రక్తంలోకి వెనుదిరుగుతుంది. కళ్లు, చర్మం పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. మలం రంగు కోల్పోయి సుద్దలా కనిపిస్తుంది. ఒళ్లంతా దురద పుడుతుంది. పైత్యరసం లేనిదే కొవ్వు సరిగా జీర్ణం కాదు, కొవ్వులో కరిగే విటమిన్ కె ఒంటబట్టదు. రక్తం గడ్డకట్టడానికి ఈ విటమిన్ అవసరం. అందువల్ల అవరోధక కామెర్లు ఉన్నవారిలో రక్తస్రావం జరిగే అవకాశం ఎక్కువ.

స్టెంట్‌ను ముఖ్యంగా కింది సందర్భాల్లో అమరుస్తారు.

(అ) నాళంలోని రాళ్లను ఒకేసారి పూర్తిగా తీయలేనప్పుడు
(ఆ) నాళం సన్నబడినప్పుడు (శస్త్రచికిత్సలో తగిలిన గాయం, దీర్ఘకాలిక క్లోమ శోథ, కాలేయ మార్పిడి తరువాత అతుకు వద్ద బిగుసుకుపోవడం వంటి కారణాల వల్ల)
(ఇ) క్లోమం తల భాగంలోని లేదా పైత్యరస నాళంలోని క్యాన్సర్ దారిని నొక్కివేసినప్పుడు
(ఈ) పిత్తాశయాన్ని తొలగించిన తరువాత పైత్యరసం కడుపులోకి కారుతున్నప్పుడు

స్టెంట్‌ను ఎక్కువగా ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో అమరుస్తారు. నోటి ద్వారా ఎండోస్కోపును ఆంత్రమూలం దాకా పంపి, నాళం తెరుచుకునే చోటును గుర్తిస్తారు. ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ఎక్కించి అడ్డంకి ఎక్కడుందో చూస్తారు. అవసరమైతే సంవరణి కండరాన్ని కొద్దిగా కోసి, సన్నని తీగ మీదుగా స్టెంట్‌ను లోపలికి జారుస్తారు. ఈఆర్‌సీపీ 1968లో మొదలైంది. సంవరణిని కోసే పద్ధతి 1974లో జర్మనీ, జపాన్‌లలో వచ్చింది. ఎండోస్కోపు ద్వారా పైత్యరస నాళంలో ప్లాస్టిక్ గొట్టాన్ని అమర్చే పద్ధతిని 1979–80 ప్రాంతంలో జర్మనీలోని హాంబర్గ్‌లో నిబ్ సోహేంద్ర పరిచయం చేశారు. అంతకుముందు ఇలాంటి అడ్డంకులకు పొట్ట కోసి చేసే శస్త్రచికిత్స, లేదా చర్మం గుండా కాలేయంలోకి గొట్టం వేయడం తప్ప పెద్దగా మార్గాలు లేవు.

స్టెంట్ మేలు ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఆడి సంవరణి గుండా గొట్టం వేసినప్పుడు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని గమనించండి. పైత్యరసం కిందికి దిగడానికి వేసిన దారిలోనే బాక్టీరియా పైకి ఎక్కుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

గమనిక : మీ జవాబులను 11.11లో ఇచ్చిన జవాబులతో పోల్చి చూసుకోండి.

1. ఆడి సంవరణి చేసే రెండు పనులేవి?
2. అవరోధక కామెర్లలో రక్తస్రావ ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?

11.3 స్టెంట్లలో రకాలు

స్టెంట్ల కొలతను 'ఫ్రెంచ్' అనే ప్రమాణంలో చెబుతారు. 3 ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరుకు సమానం. సాధారణంగా వాడే 10 ఫ్రెంచ్ ప్లాస్టిక్ స్టెంట్ వ్యాసం సుమారు 3.3 మి.మీ. మాత్రమే.

ప్లాస్టిక్ స్టెంట్ : చవకైనది, సులభంగా తీయగలిగేది. జారిపోకుండా రెండు చివర్లా చిన్న రెక్కలు గాని, పంది తోకలా చుట్ట తిరిగిన కొసలు గాని ఉంటాయి. సన్నగా ఉండటం వల్ల త్వరగా మూసుకుపోతుంది. సాధారణంగా మూడు నెలలకు అటూ ఇటూగా తీయాలి లేదా మార్చాలి.

పూత లేని లోహ స్టెంట్ : తీగల అల్లికతో చేసినది. నాళంలో వదిలిన తరువాత తనంతట తానే విచ్చుకుని 8 నుంచి 10 మి.మీ. వ్యాసానికి చేరుతుంది. కణజాలం అల్లికలోకి పెరిగి పట్టుకోవడం వల్ల దీన్ని తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. అందుకే క్యాన్సర్ అడ్డంకులకే ఎక్కువగా వాడతారు.

పూత ఉన్న లోహ స్టెంట్ : అల్లిక మీద పలుచని పొర ఉంటుంది. కణజాలం లోపలికి చొచ్చుకురాదు కాబట్టి తీయడానికి వీలవుతుంది. కానీ పట్టు తక్కువ కావడం వల్ల జారిపోయే అవకాశం ఎక్కువ.

వెడల్పులో తేడా ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. భౌతికశాస్త్రంలో పాయిజెల్ సూత్రం ప్రకారం గొట్టం పొడవు, పీడనం మారకపోతే ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం మూడు రెట్లయితే ప్రవాహ సామర్థ్యం 3×3×3×3, అంటే 81 రెట్లవుతుంది. ఇదే సూత్రాన్ని తిప్పి చూడండి. గొట్టం లోపల పాచి పేరుకుని వ్యాసం సగానికి తగ్గితే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. అందువల్ల రోగి నిన్నటి దాకా బాగానే ఉండి, కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా జబ్బుపడటంలో ఆశ్చర్యం లేదు.

11.4 తొలి రోజుల్లో వచ్చే చిక్కులు

స్టెంట్ అమర్చిన మొదటి నెలలోపు వచ్చే వాటిని తొలి చిక్కులంటారు. వీటిలో ఎక్కువ భాగం స్టెంట్ వల్ల కాక, దాన్ని అమర్చే ప్రక్రియ వల్ల వచ్చేవి.

(అ) క్లోమ శోథ : దీన్నే పాంక్రియాటైటిస్ అంటారు. ఈఆర్‌సీపీ తరువాత ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే. ఈఆర్‌సీపీ చేయించుకున్న ప్రతి వందమందిలో సుమారు 3 నుంచి 10 మందిలో రావచ్చు. పైత్యరస నాళం, క్లోమ నాళం ఒకే చోట తెరుచుకుంటాయని చదివారు కదా. ఆ చోటు ఒరుసుకుని వాచినా, ద్రవం క్లోమ నాళంలోకి వెళ్లినా క్లోమరసం వెనక్కి తన్ని క్లోమాన్నే దెబ్బతీస్తుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులు దీని లక్షణాలు. సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. ఎక్కువ మందిలో స్వల్పంగా ఉండి తగ్గిపోతుంది, కొందరిలో మాత్రం ప్రాణాంతకం కావచ్చు. దీన్ని నివారించడానికి ప్రక్రియకు ముందు గాని, వెంటనే తరువాత గాని ఇండోమెథాసిన్ లేదా డైక్లోఫినాక్ మందును మలద్వారం గుండా ఇస్తారు.

(ఆ) రక్తస్రావం : సంవరణి కండరాన్ని కోసిన చోట జరుగుతుంది. వెంటనే కనిపించవచ్చు, వారం పది రోజుల తరువాతా రావచ్చు. తారులా నల్లగా, జిగటగా మలం రావడం, రక్తపు వాంతి, కళ్లు తిరగడం దీని గుర్తులు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు ఆ సంగతిని ప్రక్రియకు ముందే వైద్యునికి చెప్పాలి. సొంతంగా మానకూడదు.

(ఇ) పేగుకు లేదా నాళానికి రంధ్రం పడటం : అరుదు, నూటికి ఒకరిలోపే. పొట్ట బిగుసుకుపోయి భరించలేని నొప్పి వస్తుంది.

(ఈ) పిత్తాశయ శోథ : పిత్తాశయ నాళం తెరుచుకునే చోటును స్టెంట్ కప్పివేస్తే పిత్తాశయంలో రసం నిలిచి చీము పట్టవచ్చు. పూత ఉన్న లోహ స్టెంట్లతో ఈ ప్రమాదం ఉంది.

(ఉ) నాళంలో ఇన్‌ఫెక్షన్ : ద్రవం ఎక్కించిన తరువాత కొన్ని శాఖలు ఖాళీ కాకుండా మిగిలిపోతే వస్తుంది. కాలేయం ద్వారం దగ్గర, నాళాలు చీలే చోట అడ్డంకి ఉన్నవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ.

ఇన్ని చిక్కులున్నాయి కాబట్టి, స్టెంట్ అవసరమా కాదా అనేది ప్రతి రోగి విషయంలోనూ తూచి నిర్ణయించవలసిందే. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. క్లోమం తల భాగంలో క్యాన్సర్ ఉండి, శస్త్రచికిత్సకు అర్హులైన 202 మంది కామెర్ల రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నేరుగా శస్త్రచికిత్స చేశారు. రెండో జట్టుకు ముందు స్టెంట్ వేసి, కామెర్లు తగ్గనిచ్చి, కొన్ని వారాల తరువాత శస్త్రచికిత్స చేశారు. తీవ్రమైన చిక్కులు మొదటి జట్టులో 39 శాతం మందిలో, రెండో జట్టులో 74 శాతం మందిలో వచ్చాయి. కామెర్లు తగ్గించి కత్తి పట్టడం మంచిదన్న పాత నమ్మకాన్ని ఈ ఫలితం ప్రశ్నించింది. స్టెంట్ పనికిరాదని దీని అర్థం కాదు. అడ్డంకి ఉన్న ప్రతివారికీ అలవాటుగా వేయకూడదని మాత్రమే అర్థం. నాళంలో చీము పట్టినప్పుడు, శస్త్రచికిత్స ఆలస్యమయ్యేటప్పుడు స్టెంట్ ఇప్పటికీ అవసరమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

3. 10 ఫ్రెంచ్ స్టెంట్ వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు?
4. స్టెంట్ లోపలి వ్యాసం సగానికి తగ్గితే ప్రవాహం ఎంతకు తగ్గుతుంది?
5. ఈఆర్‌సీపీ తరువాత ఎక్కువగా కనిపించే చిక్కు ఏది?

11.5 ఆలస్యంగా వచ్చే చిక్కులు

11.5.1 స్టెంట్ మూసుకుపోవడం

ఆలస్యంగా వచ్చే చిక్కుల్లో ఇదే ప్రధానమైనది. ప్లాస్టిక్ స్టెంట్ ఎంత శ్రద్ధగా అమర్చినా కాలక్రమంలో మూసుకుపోతుంది. ఇది ఎలా జరుగుతుందో దశలవారీగా చూడండి.

మొదటి దశ : అమర్చిన కొద్ది కాలానికే గొట్టం లోపలి గోడకు ప్రొటీన్లు అంటుకుంటాయి.
రెండో దశ : పేగు నుంచి ఎగబాకిన బాక్టీరియా ఆ పొర మీద స్థిరపడి, తమ చుట్టూ జిగురు పదార్థాన్ని స్రవిస్తుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. నీళ్ల తొట్టి గోడకు పట్టే పాచిని మీరు చూసే ఉంటారు. చేయి పెడితే జారుతుంది కానీ నీళ్లు పోస్తే వదలదు. ఇదీ అలాంటిదే. దీని లోపల దాగిన బాక్టీరియాను మందులు సులభంగా చేరలేవు.
మూడో దశ : బాక్టీరియా విడుదల చేసే ఎంజైములు పైత్యరసంలో కరిగి ఉన్న బైలిరుబిన్‌ను కరగని రూపంలోకి మారుస్తాయి. అది కాల్షియంతో కలిసి అవక్షేపంగా పేరుకుంటుంది.
నాలుగో దశ : పేగు నుంచి వెనక్కి వచ్చిన ఆహారపు పీచు కూడా ఇందులో చిక్కుకుంటుంది. చివరికి గొట్టం బురద పూడుకున్న కాలువలా తయారవుతుంది.

లోహ స్టెంట్లు వెడల్పుగా ఉండటం వల్ల ఎక్కువ కాలం పనిచేస్తాయి, అయినా శాశ్వతం కావు. పూత లేనివాటి అల్లికలోకి క్యాన్సర్ కణజాలం చొచ్చుకువస్తుంది. పూత ఉన్నవాటికి కొసల దగ్గర కణజాలం పెరిగి అడ్డుపడుతుంది. బురద పేరుకోవడం రెండింటిలోనూ ఉంటుంది.

మూసుకుపోయిన స్టెంట్ లక్షణాలు తొలినాటి జబ్బు లక్షణాలే: కామెర్లు తిరిగి రావడం, ముదురు రంగు మూత్రం, సుద్దలాంటి మలం, దురద. మన ప్రాంతంలో కామెర్లు అనగానే చాలామంది పసరు మందు కోసం వెళతారు, పత్యం పాటిస్తారు. స్టెంట్ ఉన్నవారిలో తిరిగి వచ్చిన కామెర్లకు కారణం ఎక్కువగా గొట్టం పూడుకుపోవడం. పూడుకుపోయిన గొట్టాన్ని ఏ పసరూ తెరవలేదు. పసరు కోసం గడిపిన రోజులు ఇన్‌ఫెక్షన్ ముదిరే రోజులవుతాయి.

11.5.2 కొలాంజైటిస్

మూసుకుపోయిన నాళంలో నిలిచిన పైత్యరసం బాక్టీరియాకు మంచి ఆహారం. నాళంలో ఇన్‌ఫెక్షన్ రావడాన్నే కొలాంజైటిస్ అంటారు. ఇక్కడ పీడనం పాత్రను గమనించాలి. కాలేయం పైత్యరసాన్ని తయారుచేయడం ఆపదు, బయటికి దారి లేదు. లోపలి పీడనం పెరిగి, బాక్టీరియా, దాని విషపదార్థాలు కాలేయంలోని రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతాయి. అక్కడి నుంచి శరీరమంతటికీ పాకుతాయి. రోగికి వణికించే చలి వచ్చేది ఈ సమయంలోనే.

ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లో దీని మూడు లక్షణాలను వర్ణించాడు: చలితో కూడిన జ్వరం, కామెర్లు, పొట్ట కుడి పైభాగంలో నొప్పి. 1959లో రెనాల్డ్స్, డార్గన్ మరో రెండింటిని చేర్చారు: రక్తపోటు పడిపోవడం, మతి తప్పడం. ఈ చివరి రెండూ కనిపించాయంటే ఇన్‌ఫెక్షన్ ప్రాణాల మీదికి వచ్చిందని అర్థం. అన్ని లక్షణాలూ కలిసి రావాలని లేదు. వృద్ధుల్లో జ్వరం పెద్దగా లేకుండా, నీరసం, తికమక మాత్రమే కనిపించవచ్చు.

మనం ఊహించిన ఉదాహరణకు ఒకసారి తిరిగి వెళ్లండి. మొదటి సాయంత్రం వచ్చిన చలిజ్వరం షార్కో చెప్పిన మొదటి లక్షణం. మూడో రోజు కళ్లు పచ్చబడటం రెండోది. నాలుగో రోజు మాట తడబడటం రెనాల్డ్స్ జాబితాలోనిది. వ్యాధి ఒక్కో మెట్టు ఎక్కుతూ కనబడుతూనే ఉంది. ఆమెకు స్టెంట్ ఉందన్న మాట ఎవరూ గుర్తుచేయకపోవడం వల్ల మామూలు జ్వరంగా భావించారు.

11.5.3 స్టెంట్ జారిపోవడం

స్టెంట్ రెండు దిక్కులకూ జారవచ్చు. పైకి, నాళంలోకి జారితే ఎండోస్కోపులో దాని కొస కనిపించదు, తీయడం కష్టమవుతుంది. కిందికి, పేగులోకి జారితే చాలాసార్లు మలంతో పాటు వెళ్లిపోతుంది. రోగికి తెలియకపోవచ్చు కూడా. అయితే దారి ఇక లేదు కాబట్టి కామెర్లు తిరిగి రావచ్చు. అరుదుగా గొట్టం పేగు మలుపుల్లో ఇరుక్కుని పేగు గోడను చీలుస్తుంది. గతంలో పొట్ట శస్త్రచికిత్స జరిగి పేగులు అతుక్కున్నవారిలో, హెర్నియా ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే దీన్ని అనుమానించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3

6. బయోఫిల్మ్ అంటే ఏమిటి?
7. షార్కో చెప్పిన మూడు లక్షణాలేవి?
8. కొలాంజైటిస్‌లో బాక్టీరియా రక్తంలోకి ఎలా చేరుతుంది?

11.6 మరచిపోయిన స్టెంట్

గడువు దాటినా తీయకుండా, మార్చకుండా ఉండిపోయిన స్టెంట్‌ను వైద్యులు 'మరచిపోయిన స్టెంట్' అంటారు. ఏళ్ల తరబడి ఉండిపోయిన స్టెంట్ల చుట్టూ కొత్త రాళ్లు పేరుకుంటాయి. గొట్టం పెళుసెక్కి, తీసేటప్పుడు ముక్కలవుతుంది. పది నిమిషాల్లో అయ్యే పని ఒకటికి నాలుగుసార్లు ఎండోస్కోపీ చేయవలసిన స్థితికి, ఒక్కోసారి శస్త్రచికిత్సకు దారితీస్తుంది.

ఇది నివారించదగిన చిక్కు. అయినా ఎందుకు జరుగుతుంది?

ఒకటి, స్టెంట్ నొప్పి పెట్టదు. కామెర్లు తగ్గగానే జబ్బు నయమైందనుకుంటారు. నిజానికి తగ్గింది లక్షణమే, కారణమైన రాయి లోపలే ఉండవచ్చు.

రెండు, పేరు తెచ్చిన తికమక. మన ఊళ్లలో స్టెంట్ అంటే గుండెకు వేసేదే. గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్ జీవితాంతం అక్కడే ఉంటుంది. దాంతో కడుపులో వేసినది కూడా అలాగే ఉంటుందని అనుకుంటారు. పేరు ఒకటే అయినా రెండింటి తీరు వేరు. ఈ ఒక్క తేడాను వివరించి చెప్పడం వల్లనే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి.

మూడు, డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఎప్పుడు తిరిగి రావాలో చివరి వరుసలో రాసి ఉన్నా, ఇంట్లో చదివి చెప్పేవారు ఉండకపోవచ్చు.

నాలుగు, దూరం, ఖర్చు, పనుల కోసం వలస. ఆసుపత్రికి ఒకరోజు వెళ్లడమంటే ఇద్దరి కూలి పోవడం.

ఈ కారణాల్లో ఏదీ రోగి నిర్లక్ష్యమని కొట్టిపారేయదగింది కాదు. అందుకే గడువు తేదీని రోగి జ్ఞాపకానికే వదలకుండా, స్టెంట్ వేసినవారి పేర్లను ప్రత్యేక పట్టికలో నమోదు చేసి, తేదీ దగ్గరపడగానే ఫోన్ చేసి పిలిచే పద్ధతిని ఆసుపత్రులు పాటించడం మేలు.

11.7 గుర్తింపు, చికిత్స

స్టెంట్ పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి రక్తంలో బైలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, తెల్ల రక్తకణాల సంఖ్య చూస్తారు. అల్ట్రాసౌండ్‌లో నాళాలు ఉబ్బి ఉన్నాయేమో పరిశీలిస్తారు. స్టెంట్ తెరిచి ఉన్నవారిలో పేగులోని గాలి నాళాల్లోకి చేరి స్కానింగులో కనిపిస్తుంది. ఇది సాధారణంగా మంచి సూచనే. స్టెంట్ ఉన్నదీ లేనిదీ సందేహంగా ఉంటే, చాలావరకు మామూలు పొట్ట ఎక్స్‌రేలోనే తెలిసిపోతుంది.

కొలాంజైటిస్ చికిత్సకు మూడు అంగాలున్నాయి: సెలైన్ ద్వారా ద్రవాలు, యాంటీబయాటిక్ మందులు, నాళాన్ని తెరవడం. మొదటి రెండూ రోగిని నిలబెడతాయి. మూడోది జరగనిదే జబ్బు లొంగదు. పీడనం తగ్గకపోతే మందు పైత్యరసంలోకి సరిగా చేరలేదు కూడా. అందువల్ల తీవ్రమైన స్థితిలో వెంటనే ఈఆర్‌సీపీ చేసి పాత స్టెంట్‌ను తీసి కొత్తది వేస్తారు. అది సాధ్యం కానప్పుడు చర్మం గుండా కాలేయంలోని నాళంలోకి గొట్టం వేసి పైత్యరసాన్ని బయటికి తీస్తారు.

పూత లేని లోహ స్టెంట్ మూసుకుపోతే దాన్ని తీయరు. దాని లోపలి నుంచే మరో స్టెంట్‌ను పంపి దారి చేస్తారు.

11.8 రోగి, కుటుంబ సభ్యులు చేయవలసినవి

మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగులోనో ఎవరికైనా పైత్యరస నాళంలో స్టెంట్ ఉంటే కింది విషయాలను వారికి చెప్పండి.

1. ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే నాలుగు ప్రశ్నలు అడగాలి. వేసింది ప్లాస్టిక్‌దా, లోహానిదా? ఎన్ని వేశారు? ఏ తేదీలోపు తీయాలి లేదా మార్చాలి? ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?
2. ఆ జవాబులను ఒక చీటీ మీద తెలుగులో రాసి, జేబులో ఒకటి, ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఒకటి ఉంచాలి. కుటుంబంలో మరొకరి ఫోనులో కూడా ఆ తేదీని గుర్తుపెట్టుకోవాలి.
3. చలితో జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ వేసుకుని రెండు రోజులు చూద్దామనుకోకూడదు. ఆ మాత్ర వేడిని తగ్గిస్తుంది, ఇన్‌ఫెక్షన్‌ను కాదు.
4. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, ఏ జబ్బుకు వెళ్లినా మొదటి మాటగా 'పైత్యరస నాళంలో స్టెంట్ ఉంది' అని చెప్పాలి.
5. కళ్లు పచ్చబడటం, మూత్రం రంగు మారడం, నల్లటి మలం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, తికమకగా మాట్లాడటం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు.
6. ఏ ఇబ్బందీ లేకపోయినా గడువు తేదీకి వెళ్లాలి. బాగా ఉన్నప్పుడు మార్చడం తేలిక. జబ్బుపడిన తరువాత మార్చడం ప్రమాదం.

11.9 సారాంశం

పైత్యరస నాళంలో స్టెంట్ అవరోధక కామెర్లను తగ్గించే విలువైన సాధనం. అమర్చిన తొలి రోజుల్లో క్లోమ శోథ, రక్తస్రావం, రంధ్రం పడటం, పిత్తాశయ శోథ, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. తరువాతి కాలంలో స్టెంట్ మూసుకుపోవడం, కొలాంజైటిస్, జారిపోవడం ప్రధానమైనవి. ఆడి సంవరణి తలుపు తెరిచి ఉండటం వల్ల బాక్టీరియా పైకి చేరి, బయోఫిల్మ్‌గా పేరుకుని గొట్టాన్ని పూడ్చివేస్తుంది. ప్లాస్టిక్ స్టెంట్‌కు సుమారు మూడు నెలల గడువు ఉండటానికి కారణం ఇదే. స్టెంట్ ఉన్నవారిలో చలిజ్వరం వస్తే, మరో కారణం తేలేవరకు దాన్ని కొలాంజైటిస్‌గానే భావించాలి. గడువు దాటనివ్వకపోవడమే అన్నిటికన్నా మంచి నివారణ.

11.10 పదకోశం

అవరోధక కామెర్లు : పైత్యరస మార్గం మూసుకుపోవడం వల్ల వచ్చే కామెర్లు.
ఆంత్రమూలం : జీర్ణాశయం తరువాత వచ్చే చిన్నపేగు మొదటి భాగం.
ఆడి సంవరణి : పైత్యరస, క్లోమ నాళాలు పేగులోకి తెరుచుకునే చోట ఉండే కండర వలయం.
ఈఆర్‌సీపీ : ఎండోస్కోపు, ఎక్స్‌రేల సాయంతో పైత్యరస, క్లోమ నాళాలను పరీక్షించి చికిత్స చేసే పద్ధతి.
కొలాంజైటిస్ : పైత్యరస నాళాల్లో ఇన్‌ఫెక్షన్.
శోథ : శరీర భాగం వాచి, ఎర్రబడి, నొప్పి కలిగించే స్థితి.

11.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. పైత్యరసాన్ని అవసరానికి తగ్గట్టు పేగులోకి వదలడం, పేగులోని బాక్టీరియా నాళంలోకి ఎక్కకుండా చూడడం.
2. పైత్యరసం పేగులోకి చేరక విటమిన్ కె ఒంటబట్టదు, అందువల్ల రక్తం సరిగా గడ్డకట్టదు.
3. సుమారు 3.3 మి.మీ.
4. పదహారో వంతుకు.
5. క్లోమ శోథ.
6. గొట్టం గోడకు అంటుకున్న బాక్టీరియా, అది స్రవించిన జిగురు పదార్థం కలిసిన పొర.
7. చలితో జ్వరం, కామెర్లు, పొట్ట కుడి పైభాగంలో నొప్పి.
8. మూసుకుపోయిన నాళంలో పీడనం పెరగడం వల్ల కాలేయంలోని రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది.

11.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. పైత్యరస నాళంలో స్టెంట్ అమర్చిన తరువాత వచ్చే చిక్కులను వర్గీకరించి వివరించండి.
2. 11.1లోని ఉదాహరణలో వ్యాధి ముదిరిన క్రమాన్ని విశ్లేషించి, ఏ దశలో ఎవరు ఏం చేసి ఉంటే ప్రమాదం తప్పేదో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. ప్లాస్టిక్ స్టెంట్ మూసుకుపోయే దశలను తెలపండి.
2. గుండె స్టెంట్‌కూ పైత్యరస నాళ స్టెంట్‌కూ గల ముఖ్యమైన తేడా ఏమిటి? అది తెలియకపోవడం వల్ల కలిగే నష్టమేమిటి?
3. కొలాంజైటిస్‌లో మందులు మాత్రమే ఎందుకు సరిపోవు?